ఆయనొస్తున్నారు

షెడ్డు
జూన్ 8

బావగారికి,

ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. వచ్చి తలుపు కొట్టినా తీయరని తెలుసు. అందుకే ఈ ఉత్తరం. "మీ బావకి ఏ సంగతైనా కాగితం మీద పెడితేనే బుర్రకెక్కుతుంది" అనేది అక్క. ముప్పై ఏళ్లుగా ఇళ్ల నక్షాలు గీస్తున్న మనిషి కదా మీరు.

వేళకి తింటున్నారా అని అడగను. తింటున్నానని అబద్ధం రాస్తారు.

పని ఉండి రాస్తున్నాను. అక్క బీరువాలో ఒక రేకు డబ్బా ఉండాలి. అందులో నాలుగు చిప్‌లు, పక్కనే ఒక నీలం ఫైలు. అవి నాకు కావాలి. ఫిబ్రవరి చివర్లో అక్క వాటిని ఇక్కడి నుంచి ఇంటికి పట్టుకెళ్లింది, ఏదో సరిచేయాలని. తర్వాత జరిగింది మీకు నేను చెప్పేదేముంది.

ఈ చిప్‌లేమిటో అక్క మీకు చెప్పిందో లేదో తెలియదు. నా షెడ్డులో బిళ్ల వేసి ఆడే పాత గేమ్ మిషన్లు పదకొండు ఉన్నాయని తెలుసు కదా. నేను కాలేజీ రోజుల్లో సినిమా హాళ్ల పక్కన నిలబడి ఆడినవి. వాటిలో ఒకదాని కోసం, నలభై ఏళ్ల నాటి బోర్డు కోసం, మేమిద్దరం కొత్త ఆట తయారుచేస్తున్నాం. పాత ఆటని బాగుచేయడం కాదు, ఎవరూ ఇంతవరకు ఆడనిది. ఇలాంటి పని చేసే పిచ్చివాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు. సెప్టెంబర్ 21న మా పిచ్చివాళ్లందరి ప్రదర్శన ఉంది. ఎవరు రాసిన కొత్త ఆట వాళ్లు పాత మిషన్లో పెట్టి జనం చేత ఆడిస్తారు. అక్క ఆట అక్కడ ఆడాలి.

నా దగ్గరున్న కాపీ ఆరు నెలల పాతది. ఆమె కంప్యూటర్ని ఆఫీసువాళ్లు మార్చిలోనే తీసుకుని మొత్తం తుడిచేశారు. అసలు ఆట ఇప్పుడు ఆ నాలుగు చిప్‌లలోనే ఉంది.

పంపుతారు కదూ.

మీ బావమరిది


ఇల్లు
జూన్ 15

బావమరిదికి,

డబ్బా ఉంది. ఫైలూ ఉంది.

మీ అక్క ప్రతి శనివారం తొమ్మిది గంటల బస్సెక్కి నీ దగ్గరికి వచ్చేది. సాయంత్రం ఆరున్నరకి ఇంట్లో ఉండేది. తమ్ముణ్ని చూసి రావడానికి వెళ్తోంది అనుకున్నాను. ఒంటరివాడివి, వండిపెట్టి వస్తోంది అనుకున్నాను. చేతులకి సీసం కరిగించిన వాసన వచ్చేది. అదేమిటని అడిగాను ఒకసారి. "మా అక్కాతమ్ముళ్ల గొడవ, మీకెందుకు" అని నవ్వింది. మళ్లీ అడగలేదు.

తూకం మిషన్లకి ప్రోగ్రాములు రాయడం ఆమె ఉద్యోగం. అది తెలుసు. ఆటలు రాస్తుందని తెలియదు.

వీటికి జవాబు రాయి. ఎన్నాళ్లుగా? ఏం ఆట? నాకెందుకు చెప్పలేదు?

చిప్‌ల సంగతి తర్వాత.

బావ


షెడ్డు
జూన్ 19

బావగారూ,

మీ ఉత్తరం చదువుతుంటే పోలీసులు బల్ల ముందు కూర్చోబెట్టినట్టుంది. సరే, వరసగా ఒప్పుకుంటాను.

ఎన్నాళ్లుగా అంటే మూడేళ్ల నాలుగు నెలలు. మొదట ఓ శనివారం ఊరికే వచ్చింది. నేను కాలిపోయిన బోర్డు ఒకటి ముందేసుకుని తిట్టుకుంటున్నాను. భుజం మీంచి తొంగి చూసి, "ఒరే, ఇది మా తూకం మిషన్లో ఉండేదే కదరా" అంది. నిజమే, లోపల లెక్కలు చేసే ముక్క రెండింట్లోనూ ఒకటే. "దీని మీద బియ్యం తూచినట్టే బొమ్మల్నీ నడిపించొచ్చు" అంది. అంతే, ఆ రోజు నుంచి నేను సీసం పట్టుకున్నాను, ఆమె కలం పట్టుకుంది. వండిపెట్టడమా! మధ్యాహ్నం నేనే గుడ్లు ఉడకేసి పెట్టేవాణ్ని. ఒక చేత్తో తింటూ రెండో చేత్తో రాసేది.

ఆట సంగతి చెప్తాను. తెర మీద ఇల్లు. గదులు, గుమ్మాలు. ఒకావిడ గదిగదికీ పరిగెత్తి లైట్లు వేస్తుంటుంది. ఇంట్లో అన్ని లైట్లూ ఒకేసారి వెలిగితే గెలిచినట్టు, ఇంకా పెద్ద ఇల్లు వస్తుంది. మరి అడ్డేమిటంటారా? ఆవిడ వెనకాలే ఒక మనిషి, చేతులు వెనక్కి కట్టుకుని, ఒక్కో గదిలోకి వచ్చి లైటు ఆర్పేసి పోతుంటాడు. ఆవిడ ఉన్న గదిలో ఆర్పేశాడో, ఒక ప్రాణం పోయినట్టే.

ఇప్పటికి మీకు అర్థమయ్యే ఉంటుంది. అవును, మీరే! పదహారు చుక్కల పొడుగు, పదహారు చుక్కల వెడల్పు, కళ్లజోడుకి రెండు చుక్కలు. ఆటకి ఆమె పెట్టిన పేరు "ఆయనొస్తున్నారు". ఎక్కడైనా విలన్ని అంత మర్యాదగా పిలుస్తారా? ఆ పాత బోర్డుకి మన అక్షరాలు రావు. ఒక్కో అక్షరాన్నీ మీ గళ్ల కాగితాల మీద బొమ్మలా గీసి ఎక్కించింది. మొదటిసారి మీరు తెర మీద నడిచినప్పుడు ఇద్దరం ఎంత నవ్వామంటే, పక్క దుకాణమాయన వచ్చి ఏమైందని అడిగాడు.

మీకు చెప్పకపోవడానికి కారణం, పూర్తయ్యాక చూపిద్దామంది. సగం కట్టిన ఇల్లు చూపిస్తే గోడ వంకరగా ఉందంటారట మీరు.

చిప్‌లు దూది చుట్టి పంపండి.

మీ బావమరిది


ఇల్లు
జూన్ 27

బావమరిదికి,

మూడేళ్ల నాలుగు నెలలంటే నూట డెబ్బై శనివారాల పైమాట. నూట డెబ్బై సార్లు మీరిద్దరూ కూర్చుని నా నడక చూసి నవ్వారు. ఆరున్నరకి వచ్చి ఆమె నాకు కాఫీ ఇచ్చేది. నేను లేచి వెళ్లి అవసరం లేని లైట్లు ఆర్పేవాణ్ని. అప్పుడు ఆమె నావైపు చూసిన చూపు గుర్తొస్తోంది. ప్రేమ అనుకున్నాను. కొలతలు తీసుకుంటోందని ఇప్పుడు తెలిసింది.

నాతో మీ అక్క అంతగా నవ్వేది కాదు. నేను నవ్వించే మనిషిని కాను. అది నాకు ముందే తెలుసు. ఆ నవ్వు ఎక్కడికి పోయేదో తెలియదు. ఇప్పుడు చిరునామా దొరికింది.

ముప్పై ఒక్క ఏళ్ల తర్వాత నాకు మిగిలింది ఆమె బట్టలు, కళ్లజోడు, బస్సు పాసు. నీకు ఆట కూడా కావాలి.

చిప్‌లు పంపను.

బావ


షెడ్డు
జూలై 5

బావగారికి,

నా నోటికి తాళం లేదు. చచ్చిన పామునైనా చూసి నవ్వే రకం నేను. ఆ ఉత్తరం అలా రాసి ఉండకూడదు. తప్పు నాది.

కానీ ఒక్క మాట. మీకు వారానికి ఆరు రోజులు, నాకు ఒకటి. అందులోనూ బస్సు ప్రయాణం తీసేస్తే ఆరు గంటలు. లెక్క మీరే చూసుకోండి, ఎవరి మీద ఎవరికి కడుపుమంట ఉండాలో. మీ పెళ్లయిన రోజు నాకు పంతొమ్మిదేళ్లు. మా ఇంట్లో నాతో మాట్లాడే మనిషి ఆమె ఒక్కతే. మీరు చెయ్యి పట్టుకుని తీసుకెళ్లిపోయారు. "దాయాది చావు కోరితే బావమరిది బతుకు కోరతాడు" అంటారు. కోరాను. ఇప్పుడూ కోరుతున్నాను. అయినా ఆ రోజు బస్సు వెనకాల రాయి విసిరింది నేనే. తగల్లేదు లెండి.

ఆట నాకోసం అడగడం లేదు. ప్రదర్శనలో రెండొందల మంది ఆడతారు. వాళ్లలో ఒక్కడికైనా, ఇది రాసిన మనిషి బుర్ర ఎలాంటిదో తెలుస్తుంది. నాకు అంతే కావాలి. పంపకపోతే నా దగ్గరున్న పాత కాపీ పెట్టాలి. అది ఆమె ఆట కాదు. సగం నాది. అందులో విలన్ కుక్క తరిమినట్టు పరిగెడతాడు.

నెలాఖరు లోపు పంపకపోతే నేనే వచ్చి గుమ్మం ముందు కూర్చుంటాను. ఎదురింటివాళ్లు ఏమనుకుంటారో మీరే చూసుకోండి.

మీ బావమరిది


ఇల్లు
జూలై 30

బావమరిదికి,

డబ్బా పంపుతున్నాను. చిప్‌ల మీద ఉన్న స్టిక్కర్లు ఊడిపోయాయి. మిగతావన్నీ ఉన్నట్టే ఉన్నాయి. ఏది ఒకటి, ఏది నాలుగు అన్నది నీకు తెలుస్తుందనుకుంటాను.

ఫైలు నా దగ్గర ఉంచుకున్నాను. చదువుతున్నాను.

బావ


షెడ్డు
ఆగస్టు 6

బావా,

స్టిక్కర్లు ఊడిపోవు. ఆ జిగురు నాకు తెలుసు, నేను కొన్నదే. గోరు పెట్టి లాగినా రాదు. ఎవరో ఊడదీశారు.

ఆ చిప్ నెత్తి మీద చిన్న గాజు కిటికీ ఉంటుంది, చూశారా? అది అందానికి పెట్టింది కాదు. అందులోంచి ఎండ పడితే లోపల రాసిందంతా చెరిగిపోతుంది. కొత్తగా రాసుకోవడానికి అలా చేశారు. అందుకే దాని మీద స్టిక్కర్ వేసి మూస్తాం. మీ ఇంట్లో అవి ఎక్కడ పెట్టారు? ఎన్ని రోజులు పెట్టారు? బోర్డులో పెట్టి మిషన్ వేస్తే తెరంతా ముక్కలు ముక్కలు. ఇల్లు లేదు, గుమ్మాలు లేవు, ఆవిడ లేదు. చీమలు పారినట్టు చుక్కలు, అంతే.

మూడేళ్లు, బావా. ఒక్కో అంకె ఆమె చేత్తో రాసింది. కావాలని చేశారా? అది చెప్పండి చాలు. ఇవ్వనని ఒకసారి రాశారు, అది నిజాయితీగా ఉంది. ఇచ్చినట్టు ఇచ్చి గొంతు నులిమి ఇవ్వడం ఏమిటి?

నవ్వామని రాశాను కదా, అందుకా?


ఇల్లు
ఆగస్టు 11

బావమరిదికి,

కావాలని చేయలేదు. కానీ చేసింది నేనే.

స్టిక్కర్ల మీద మీ అక్క చేతిరాత ఉంది. "తమ్ముడూ నేనూ – 1". అలా నాలుగు. ఎండ విషయం నాకు తెలియదు. చేతిరాత కావాలనిపించింది. తడిగుడ్డ వేసి, నానబెట్టి, మెల్లగా ఊడదీశాను. చిప్‌లు ఆరతాయని పడమటి కిటికీలో పెట్టాను. ఆ కిటికీ తలుపులు నేను మూయను. మూడు వారాలు అక్కడే ఉన్నాయి. నేను వాటి వైపు చూడలేదు.

ఇంకో సంగతి ఉంది. అది చెప్పకపోతే పై మాటలు అబద్ధం అవుతాయి. నక్షాలు దిద్దే బ్లేడు ఉంటుంది నా దగ్గర. ఆ స్టిక్కర్ల మీద "తమ్ముడూ" అన్న మాట వరకు కోసేశాను. నాలుగింటి మీదా. "నేనూ" అన్నది మాత్రం నా డైరీలో అతికించుకున్నాను. కోసిన ముక్కలు పారేశాను. నా చేతిరాత పక్కన మీ అక్క ఎప్పుడూ ఏదీ రాయలేదు. రాయాలని నాకూ తోచలేదు. నీ పేరు ఆమె పేరుకి ఆనుకుని ఉండటం చూడలేకపోయాను. నాకు యాభై ఎనిమిదేళ్లు. ఈ వయసులో చేయవలసిన పని కాదు. చేశాను.

నిన్ను క్షమించమని అడగను. అడిగే హక్కు ఎక్కడ మొదలవుతుందో తెలియడం లేదు.

ఒకటి అడుగుతాను. ఏదో సరిచేయడానికి చిప్‌లు ఇంటికి తెచ్చిందని నువ్వు రాశావు. ఫైలు మొత్తం చదివాను. సగం అర్థం కాలేదు. చివరి పేజీ మాత్రం అర్థమైంది. ఫిబ్రవరి 25, శనివారం. కలం గట్టిగా నొక్కి రాసింది. "వేగం మార్చను. ఇది నా ఇల్లు." సరిచేయడానికి తెచ్చుకున్న మనిషి ఇలా రాయదు.

ఆ శనివారం ఏం జరిగింది?

బావ


షెడ్డు
ఆగస్టు 18

బావగారికి,

అడ్డంగా దొరికిపోయాను.

ఆ శనివారం మేం పోట్లాడుకున్నాం. మీ గురించే. మీరంటే మీరు కాదు, తెర మీద మీరు. ఆ మనిషి గుమ్మం గుమ్మానికీ ఆగుతాడు. ఆగి, లోపలికి చూసినట్టు నిలబడి, తర్వాత లైటు ఆర్పుతాడు. "ఏ ఆటలోనైనా తరమాలి అక్కా, వీడేమిటి పెళ్లికొడుకులా గుమ్మం దగ్గర ఆగుతాడు, జనం ఆవలిస్తారు" అన్నాను. "ఆయన పరిగెత్తరు" అంది. "ఆట కోసం పరిగెత్తించు." "ఆయన ఆగుతారు. ఆగకపోతే ఆయన కాదు." మూడు శనివారాలు ఒక్క ఆ నడక మీదే కూర్చుంది. ప్రదర్శనకి ఇంకా ఎంతో పని మిగిలి ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది. "పొద్దస్తమానం ఆయన, ఆయన! ఇక్కడికొచ్చినా ఆయనేనా? ఈ షెడ్డులోనైనా ఆయన్ని బయట నిలబెట్టు" అన్నాను.

అక్క లేచింది. బోర్డులోంచి నాలుగు చిప్‌లూ ఊడబెరికి డబ్బాలో పెట్టుకుంది. ఫైలు తీసుకుని, వాకిట్లో నిలబడి ఏదో రాసుకుంది. బస్సుకి ఇంకా రెండు గంటలున్నా వెళ్లిపోయింది. తర్వాత రెండు శనివారాలు రాలేదు. నేనూ ఫోన్ చేయలేదు. తనే చేస్తుందిలే, ఎప్పుడూ తనే చేసేది అనుకున్నాను. మూడో శనివారానికి మనిషే లేదు.

కళ్లలో నిప్పులు పోసుకున్నది మీరొక్కరే అనుకోకండి. నూట డెబ్బై శనివారాలని లెక్కపెట్టారు. ఆ నూట డెబ్బైలోనూ ఆమె మీ గురించి చెప్తూనే ఉంది, నేను వింటూనే ఉన్నాను.

ఇక పని సంగతి. మీ మీద కోపంతో రెండు రోజులు వాటిని ముట్టుకోలేదు. తర్వాత మా పిచ్చివాళ్లలో ఒక పెద్దాయన ఉపాయం చెప్పాడు. చెరిగిపోతున్న చిప్‌కి మామూలుగా ఇచ్చే కరెంటు కన్నా తక్కువ ఇచ్చి చదవాలట. గట్టిగా అడిగితే చెప్పదు, మెల్లగా అడిగితే చెప్తుంది. అలా చదివాను, ఒక్కోటి యాభై అరవై సార్లు. మూడు చిప్‌లు బయటపడ్డాయి. లెక్కలు వచ్చాయి, ఇల్లు వచ్చింది, చప్పుళ్లు వచ్చాయి. నాలుగోది పోయింది. పూర్తిగా పోయింది. నాలుగోదాంట్లో ఉన్నది మీరు.

బొమ్మ నా పాత కాపీలో ఉంది. నడక లేదు. ఎన్ని అడుగులకి ఎంతసేపు, ఎక్కడ ఆగాలి, ఎంత ఆగాలి, అవన్నీ ఆ చిప్‌తోనే పోయాయి. ఫైల్లో ఎక్కడైనా ఉన్నాయా?

ఇంకో చిక్కు కూడా ఉంది. ఈ ఆటకి ఒక హ్యాండిలు, ఒక బటన్. హ్యాండిలు ఆవిణ్ని నడపడానికి. బటన్ ఎందుకో నాకెప్పుడూ చెప్పలేదు. "అది తర్వాత" అనేది. నా కాపీలో అది నొక్కితే ఏమీ కాదు. ఇప్పుడు లెక్కల చిప్‌లో చూస్తే, విలన్ గుమ్మం దగ్గర ఆగి ఉన్నప్పుడు ఆవిడ లోపలుండి బటన్ నొక్కితే అతను వెనక్కి తిరిగి వెళ్లిపోవాలని రాసి ఉంది. ఎందుకు వెళ్తాడు? ఇంటి చిప్‌లో ఒక మాట బొమ్మగా గీసి దొరికింది, ఎక్కడా వాడనిది. "ఉన్నాను". అంతే.

నాకు తల తిరుగుతోంది. మీకేమైనా తెలుసా?

మీ బావమరిది


ఇల్లు
ఆగస్టు 29

బావమరిదికి,

నడక వివరాలు ఫైల్లో లేవు. అందుకని కొలిచాను.

మూడు రోజులు, సాయంత్రం ఆరున్నర నుంచి, అన్ని గదుల్లో లైట్లు వేసి, ఎప్పటిలాగే ఆర్పుకుంటూ వచ్చాను. చేతిలో గడియారం. మొదటి రోజు కొలుస్తున్నానన్న ధ్యాసలో నడక మారింది. అది కొట్టేశాను. మిగతా రెండు రోజులవి వేరే కాగితం మీద గీసి పంపుతున్నాను. హాలు నుంచి వంటగదికి పద్నాలుగు అడుగులు. అడుగుకి ముప్పావు సెకను. మలుపు దగ్గర కొంచెం తగ్గుతుంది, ఎడమ మోకాలు. చేతులు వెనక్కే ఉన్నాయి. మీ అక్క సరిగ్గానే చూసింది.

ప్రతి గుమ్మం దగ్గరా ఆగుతున్నాను. నాలుగు సెకన్లు. ఆగుతానని తెలుసు కానీ ఇంతసేపని తెలియదు. ఇంట్లో ఎవరూ లేరని తెలిసి కూడా ఆగాను. తేడా అర సెకను లోపే.

ఎందుకో చెప్తాను. చెప్పడం నాకు ఇష్టం లేదు. అది మా ఇద్దరిదీ. కానీ చెప్పకపోతే నీ బటన్ పనిచేయదు.

మా పెళ్లయిన రెండో ఏడు మీ అక్క మణికట్టు విరిగింది. మెట్ల మీద జారిందని మీ ఇంట్లో చెప్పాం. జారలేదు. సామాను గదిలో స్టూలెక్కి పై అరలోంచి పెట్టె దించుతోంది. నేను బయట నుంచి చూడకుండా లైటు ఆర్పేశాను. పడిపోయింది. ఆరు వారాలు కట్టు. మెట్లని చెప్పమన్నది ఆమే. నీకు తెలిస్తే నన్ను కొట్టడానికి వస్తావంది.

అప్పటి నుంచి ఏ గదిలో లైటు ఆర్పాలన్నా గుమ్మం దగ్గర ఆగేవాణ్ని. లోపల ఉంటే తలెత్తకుండానే "ఉన్నాను" అనేది. నేను వెనక్కి వచ్చేసేవాణ్ని. మాట వినపడకపోతే ఆర్పేవాణ్ని. ఇరవై తొమ్మిదేళ్లు. దీని గురించి మేం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఆమె లెక్కలో ఉందని ఇప్పుడు తెలిసింది.

నువ్వు చెప్పిన ఆ రెండు శనివారాలూ ఆమె ఇంట్లోనే ఉంది. హాల్లో ఆ ఫైలు ముందేసుకుని కూర్చుంది. నేను పేపరు చదివాను. మధ్యాహ్నం కలిసి తిన్నాం. ఎందుకు వెళ్లలేదని అడగలేదు. అడిగితే వెళ్తుందేమోనని. నాకోసం ఉండిపోయింది అనుకున్నాను. ఆ రెండు రోజుల మీదే ఈ ఆరు నెలలూ బతికాను. అవి కూడా నీ మీద అలక అని నీ ఉత్తరం వచ్చాక తెలిసింది.

ఆ ఉత్తరం రెండు రోజులు బల్ల మీద బోర్లా పెట్టి ఉంచాను. తర్వాత కొలతలు మొదలుపెట్టాను.

నాలుగు సెకన్లు పెట్టు. తగ్గించకు.

బావ


షెడ్డు
సెప్టెంబర్ 14

బావగారికి,

మణికట్టు సంగతి చదివి నిజంగానే మిమ్మల్ని కొట్టడానికి రావాలనిపించింది. ముప్పై ఏళ్ల తర్వాత! మా అక్క ఎంత గట్టిదో చూడండి, నా దగ్గర మీ సంగతి, మీ దగ్గర నా సంగతి దాచుకుని, ఇద్దర్నీ ఒక ఇంట్లో పెట్టి తను మాత్రం లైట్లు వేసుకుంటూ తిరిగింది.

మీ కాగితం బల్ల మీద పరిచి పదిహేను రోజులు కూర్చున్నాను. అడుగుకి ముప్పావు సెకను, మలుపులో తగ్గు, గుమ్మం దగ్గర నాలుగు. మోకాలు కూడా పెట్టాను. కొత్త చిప్‌కి ఎక్కించి, మిషన్ వేసి, బిళ్ల వేశాను. ఆవిణ్ని ఒక గదిలోకి తీసుకెళ్లి ఊరికే నిలబెట్టాను. మీరు వచ్చారు. గుమ్మం దగ్గర ఆగారు. బటన్ నొక్కాను. ఆవిడ తల మీద ఆ మాట వచ్చింది, ఆమె గీసిన అక్షరాలతో. మీరు వెనక్కి తిరిగి, చేతులు కట్టుకుని, వెళ్లిపోయారు.

నేను మిషన్ అలాగే వదిలేసి కాసేపు బయట నిలబడ్డాను.

అక్కదే రైటు. ఆగకపోతే ఇది ఆటే కాదు. ఆ నాలుగు సెకన్లలో నొక్కాలా, పరిగెత్తాలా అని ఆడేవాడి గుండె కొట్టుకుంటుంది. పరిగెత్తించమన్న వెధవని నేను. ఆ మాట చెప్పడానికి ఆమె లేదు, అందుకని మీకు చెప్తున్నాను.

ఆట మొదట్లో పేర్లు పడే చోట నా పేరు తీసేశాను. అక్కది ఒక్కటే ఉంచాను.

21న పొద్దున పది నుంచి. రండి. నా పక్కన నిలబడాలని లేదు. అసలు నన్ను పలకరించాలని కూడా లేదు.

మీ బావమరిది


ఇల్లు
సెప్టెంబర్ 23

బావమరిదికి,

వచ్చాను. నువ్వు చూడలేదు. నువ్వు ఎవరికో బోర్డు విప్పి చూపిస్తున్నావు.

హాలు పెద్దది. మీవాళ్లు నిజంగానే పిచ్చివాళ్లు. మిషన్ ఎక్కడుందో వెతకనక్కర్లేకపోయింది. దాని ముందు జనం వరస ఉంది. నేనూ వరసలో నిలబడ్డాను. నా ముందు పన్నెండు మంది. ఒక్కొక్కరు ఆడుతుంటే వెనక నుంచి చూశాను. పేరు చూశాను. నీ పేరు తీసేయడం సరికాదు. ఆమె పక్కన పెట్టు. నాకు ఇష్టమై చెప్పడం లేదు. అది నిజం కాబట్టి చెప్తున్నాను.

జనం నవ్వారు. నా నడక చూసి. అది నాకు అంత బాధ అనిపించలేదు. "వీడెవడ్రా బాబూ, మా ఆఫీసులో మేనేజర్లా ఉన్నాడు" అన్నాడొకాయన. అది కూడా ఫరవాలేదు.

బాధ ఇంకోచోట కలిగింది. మొదటాయన రెండుసార్లు ఓడిపోయి బటన్ సంగతి కనిపెట్టాడు. తర్వాత అందరికీ తెలిసిపోయింది. నేను గుమ్మం దగ్గర ఆగగానే నొక్కడం, ఆ మాట రావడం, నేను వెనక్కి వెళ్లడం. పన్నెండు మందీ నొక్కారు. ముక్కూ మొహం తెలియనివాళ్లు. ఒకతను చిప్స్ తింటూ నొక్కాడు. ప్రతిసారీ "ఉన్నాను". ప్రతిసారీ నేను నమ్మి వెనక్కి వెళ్లాను. నీ మీద ఓర్వలేనితనం ఇన్ని నెలలూ మోశాను. అక్కడ నిలబడితే అది వరసలో అందరి మీదకీ పాకింది. ఆ మాట ఇరవై తొమ్మిదేళ్లు ఒక్కడే విన్నాడు. మీ అక్క దాన్ని అందరి చేతికీ ఇచ్చేసింది.

నా వంతు వచ్చింది. బిళ్ల వేశాను. హ్యాండిలు కొంచెం బిగువుగా ఉంది, చూసుకో. ఏడు గదుల్లో లైట్లు వేశాను. మొదటిసారికి బాగానే ఆడానని పక్కాయన అన్నాడు. ఎనిమిదో గదిలో ఉండగా ఆయన వచ్చాడు. గుమ్మం దగ్గర ఆగాడు. నాలుగు సెకన్లని అక్కడ నాకన్నా బాగా తెలిసినవాడు లేడు. వేలు బటన్ మీదే ఉంది.

నొక్కలేదు. అది నేను అనవలసిన మాట కాదు.

లైటు ఆరిపోయింది.

నా వెనకాల ఒక పెద్దావిడ ఉంది. "అయ్యో, అతను ఆగినప్పుడు నొక్కాలండీ. నొక్కితే వెళ్లిపోతాడు" అంది.

తెలుసమ్మా అన్నాను. పక్కకి తప్పుకుని ఆవిడకి చోటిచ్చాను.

బావ